జూలూరుపాడునుండి భద్రాద్రికి సైకిళ్లపై

ఈ వేసవిలో మేము జూలూరుపాడునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు సైకిళ్లపై పోవ నిశ్చయించితిమి. దూరము 60 కిలోమీటర్లకు పైమాటే. ఇంటివారు మృగములను తలంచి భయపడుచున్నారు. మాకు ఎండయే భయము. సోదరీమణులు నవ్వుదురు గాక, బరువు తగ్గింపనెంచి రెండవ చీరనైనను మానితిమి గాని మనిషికి 4 లీటర్ల నీటిని మానలేదు. వలదు వలదన్న అత్తగారే తమ కాశీయాత్రనాటి మరచెంబును తోమి మజ్జిగకై యిచ్చిరి.

వేసవిలో ఆ యడవులందు కోయ స్త్రీలు తునికాకు కోసి, 50 ఆకులకొక కట్ట కట్టుదురు. వారు చీకటితోనే పోయి, ఎండ ముదురకమునుపే మరలుదురు. మేమును వారి వేళనే పాటించి, తొలినాడు పాల్వంచలో ఆగుదుము. ఎండుటాకుల నడుమ పొయ్యి రాజేయుట అపాయము. అటుకులు, బెల్లమే మా వంట. మరునాడు, 1965లో తెఱచిన గోదావరి వంతెనను దాటవలెను.

పంక్చరు వేయుట మా ఆడపడుచు నేర్చుకొనుచున్నది. ఇంతవరకు రెండు ట్యూబులు చెడినవి.