జేఆర్‌ఎఫ్ వచ్చాక

ఉప్పల్ నుంచి ఉస్మానియాకు బస్సెక్కితే దారిలోనే ఎన్జీఆర్‌ఐ, సీసీఎంబీ, ఐఐసీటీ లాంటి పరిశోధన సంస్థలు. చిల్కానగర్ నుంచి ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి ఆ దారినే వెళ్లాను. పీహెచ్‌డీ ఆశ అక్కడే పుట్టింది. చేతి నుంచి పెట్టి చదివించే స్తోమత మా ఇంట్లో లేదు. ఫెలోషిప్ వస్తేనే చదువు, లేకుంటే నాచారంలో క్యూసీ ఉద్యోగమే.

ఎమ్మెస్సీ అయ్యాక ఆ ఉద్యోగంలోనే చేరి, అది చేస్తూనే ఫెలోషిప్ కోసం సీఎస్‌ఐఆర్ నెట్‌కు చదివాను. 2024 జూన్ 25న మొదలవ్వాల్సిన పరీక్షను 21న వాయిదా వేశారు. అప్పటికే సెలవులన్నీ వాడేశాను, మళ్లీ ఇవ్వలేదు. జులై 25 నుంచి 27 వరకు పరీక్షలు జరిగాయి. నైట్ షిఫ్టు దిగి, కన్ను మూయకుండానే వెళ్లి రాశాను. నేను ఆశపడ్డ ఫెలోషిప్, జేఆర్‌ఎఫ్ వచ్చింది. నెలకు 37,000, పైన హెచ్‌ఆర్‌ఏ. అమ్మ వాడకట్టంతా స్వీట్లు పంచింది.

కానీ ఫెలోషిప్ ఉంటే చాలదు, గైడ్ దొరకాలి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4కు మించి స్కాలర్లు ఉండకూడదు. ఒకరు బయటికొస్తేనే ఇంకొకరికి చోటు. మెయిళ్లు పెడుతూనే ఉన్నాను, చాలామంది జవాబే ఇవ్వలేదు. "నా దగ్గర ఖాళీ లేదమ్మా" అని ఫోన్ చేసి చెప్పిన సారుకు ఇప్పటికీ దండం పెడతాను. ఆ ఒక్క ముక్క చెప్పినా ఇంకోచోట వెతుక్కుంటాం కదా.

ఒక పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో సుజుకి కప్లింగ్ సైకిల్ బోర్డు మీద వేయమన్నారు. పెలేడియంతో మొదలుపెట్టి ఆక్సిడేటివ్ అడిషన్, ట్రాన్స్‌మెటలేషన్, రిడక్టివ్ ఎలిమినేషన్ వేశాను. "బేస్ ఎందుకు?" అన్నారు. బోరోనిక్ ఆసిడ్‌ను బోరోనేట్‌గా మారుస్తుందని, అప్పుడే ఆ గ్రూపు పెలేడియం మీదికి తేలిగ్గా వెళ్తుందని చెప్పాను. తలలూపారు. తర్వాత సర్టిఫికెట్ల టేబుల్ దగ్గర ఆపారు. మార్చిలో తీసుకున్న ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ ఏప్రిల్‌లో చెల్లదట, కొత్త ఆర్థిక సంవత్సరానిది కావాలట. మీసేవలో మళ్లీ పెట్టాను. ఎమ్మార్వో ఆఫీసులో సంతకం అయ్యేలోపే లిస్టు పెట్టేశారు. చదువులో ఓడిపోతే ఓర్చుకునేదాన్నేమో. ఆ రాత్రి అన్నం సహించలేదు.

చివరికి ఊరు దాటి ఒక యూనివర్సిటీలో చేరాను. గైడ్ మంచివారు, ల్యాబ్ మంచిది. ఫెలోషిప్ డబ్బే పడలేదు. జాయినింగ్ రిపోర్టు, బ్యాంకు వివరాలు, గైడ్ సంతకం, హెచ్‌ఓడీ సంతకం అన్నీ ఇచ్చాను. ఎప్పుడడిగినా "ప్రాసెస్‌లో ఉంది" అనేవాళ్లు. మెస్ బిల్లు మాత్రం ఏ నెలా ఆగదు. ఇంటికి పంపుతానని ఆశపెట్టినదాన్ని, ఇంటి నుంచే తెప్పించుకున్నాను. నాయిన చిట్టీ ఎత్తి పంపాడు. ఫెలోషిప్ ఎవరి దయా కాదు, పొద్దున నుంచి రాత్రి దాకా ల్యాబులో చేసే పనికి దక్కాల్సింది. చేరిన నెల నుంచే చేతికి అందాలి.

నెలల తర్వాత ఎరియర్స్ మొత్తం ఒక్కసారే పడ్డాయి. మెస్ బకాయి కట్టి, మిగతాది నాయినకు పంపాను.