సముద్రానికి టిక్కెట్టా?

సముద్రం చూడటానికి టిక్కెట్టేమిటి? 2023లో రుషికొండ బీచ్‌కి మనిషికి 20 రూపాయలు పెడతారన్నప్పుడు విశాఖ అంతా ఇదే మాట. విమర్శలు రేగాక ఆ ఆలోచన ఆగిపోయింది. మంచిదే. అనకాపల్లి నుంచి పిల్లాపాపలతో పదిమంది వస్తే, కెరటం కాలికి తగలకముందే రెండొందలు!

అయితే ఇసుక తనంతట తాను శుభ్రపడదు కదా. 2020 అక్టోబరులో దేశంలో శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు అందుకున్న తొలి ఎనిమిది తీరాల్లో రుషికొండ ఒకటి. ఆ జెండా ఊరికే నిలవదు. నీళ్లకు పరీక్షలు, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, లైఫ్‌గార్డులు, పొద్దున్నే చెత్త ఏరే చేతులు ఉండాలి. 2025లో నిర్వహణ లోపాలతో కొన్నాళ్లు దిగిపోయి, మళ్లీ ఎక్కింది. రెపరెపలాడినప్పుడు ఫొటోలు దిగాం. దిగినప్పుడు ప్రభుత్వాన్ని తిట్టాం. (కుర్‌కురే ప్యాకెట్లు పారేసింది మాత్రం మనమే.)

పక్కనున్న కొండ సంగతి వేరు. అక్కడి పర్యాటక శాఖ రిసార్టు పోయి, కోట్ల రూపాయల భవనాలు లేచాయి. వాటికి దొరికిన డబ్బు తీరం ఊడ్చే చీపురుకు దొరకదా? కారు పార్కింగుకు రుసుము తీసుకోండి, పడవ షికారుకు తీసుకోండి. నడిచొచ్చినవాడి దగ్గర మాత్రం వద్దు.