బాపు సైకిల్‌కి ఎర్ర లైటు

ఎల్లారెడ్డిలో ఆ ఇంటి వెనక పశువుల కొట్టం ఉంది. కొట్టంలో పశువులు ఎప్పుడో పోయాయి. దూలానికి మాత్రం ఓ నల్లటి సైకిల్ వేలాడుతూ ఉండేది. చక్రాల్లో గాలి లేదు. సీటు తోలు ఎండిపోయి అంచులు పైకి లేచాయి. వెనక క్యారేజీకి జనపతాడు ముక్క ఒకటి కట్టింది కట్టినట్టే ఉంది. 2003 నుంచీ అది అలాగే వేలాడింది. 2022లో దుబాయ్ నుంచి పూర్తిగా ఇంటికొచ్చేసిన పెద్దకొడుకు నిచ్చెన వేసుకుని దాన్ని కిందికి దించాడు.

దించింది ప్రేమతోనేం కాదు. షుగరు వచ్చినందుకు!

'రోజూ గంటసేపు ఒళ్లు కదలాలి. మోకాళ్లు నొప్పంటున్నావు కదా, నడక వద్దులే, సైకిల్ తొక్కు' అన్నాడు డాక్టరు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకేమో గేర్ల సైకిల్ కొనుక్కోమన్నాడు, ఫోన్లో నాలుగు బొమ్మలు కూడా పంపాడు. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న తల్లి ఒక్కటే మాటంది. 'కొట్టంల మీ బాపుది ఉన్నది గద బిడ్డా.'

అదీ సంగతి. అలా మొదలైంది యాభై ఏళ్ల మనిషి సైకిల్ కథ.

చిన్నప్పుడు ఆ సైకిల్ మీదే అతను కైంచి తొక్కుతూ నేర్చుకున్నాడు. సీటు అందదు కాబట్టి మూడు కడ్డీల మధ్యలోంచి కాలు అవతలికి పెట్టి, ఒళ్లంతా ఒక పక్కకి వంచి తొక్కడం. ఈ పేజీ చదువుతున్న ఇళ్లలో నలభై దాటినవాళ్లకి ఆ విద్య గురించి వేరే చెప్పక్కర్లేదు. మోకాలి మీద మచ్చ చూసుకుంటే చాలు.

చాచా అడిగిన మూడు ప్రశ్నలు

ఎల్లారెడ్డిలో తనకు తెలిసిన సైకిల్ మేస్త్రీలంతా బైకుల రిపేర్లలోకి వెళ్లిపోయారు. అందుకే ట్రాలీ ఆటోలో వేసుకుని, లింగంపేట మీదుగా కామారెడ్డి తీసుకెళ్లాడు. అక్కడ ఓ సందులో డెబ్భై దాటిన పెద్దాయన ఇంకా సైకిళ్లు చేస్తున్నాడని ఎవరో చెప్పారు. ఒకప్పుడు ఆయనది సైకిల్ టాక్సీ. గంటల లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చేవాడు. ఇప్పుడు ఆ అద్దె సైకిళ్లూ లేవు, అద్దెకడిగే పిల్లలూ లేరు. పానాలు, పాత డబ్బాలు, నీళ్ల తొట్టి మిగిలాయి. అందరూ ఆయన్ని చాచా అంటారు.

ఇతను జేబులోంచి చీటీ తీశాడు. కొడుకు ఫోన్లో చెబుతుంటే రాసుకున్న జాబితా. సెల్‌ఫోన్ పెట్టుకునే స్టాండు, ఏడు రకాలుగా మోగే హారను, స్పీడు చూపించే మీటరు, మెత్తటి జెల్లు సీటు కవరు, హ్యాండిల్‌కి చుట్టే టేపు, నీళ్ల సీసా స్టాండు, సీటు కింద చిన్న సంచి. చివర్లో తను స్వయంగా రాసుకున్నది- 'మొత్తం కొత్త రంగు'.

చాచా చీటీ చదవలేదు. సైకిల్ని స్టాండు మీద నిలబెట్టి చుట్టూ ఓసారి తిరిగాడు. పానాతో ఫ్రేము మీద అక్కడక్కడా తట్టాడు. ఖంగుమంది.

'గట్టిగనే ఉన్నది. సరే చెప్పు బేటా. ఏ తొవ్వల తొక్కుతవ్? ఎన్ని గంటలకు తొక్కుతవ్? ఏమన్న మోస్తవా?'

'లింగంపేట రోడ్డు మీద. పొద్దుగాల ఐదింటికి. ఏం మొయ్య, నన్ను నేను మోసుకునుడే' అని నవ్వాడితను.

'ఐదింటికంటే చీకటే గద. మరి నీ చీటీల లైటేది?'

ఇతని నవ్వు ఆగిపోయింది. ఏడు రకాల హారను ఉంది, లైటు లేదు!

స్టీలు గుణం

సైకిల్ మాత్రం మంచి సైకిలే. అట్లాస్ వారిది. 1951లో హర్యానాలోని సోనీపత్‌లో పుట్టిన కంపెనీ. పంజాబ్‌లోని లూధియానా నుంచి హీరో, మద్రాసు పక్కన అంబత్తూరు నుంచి హెర్క్యులెస్, బీఎస్ఏ... మన ఊళ్లలో వడ్లూ పాలూ పిల్లల్నీ పెళ్లాన్నీ మోసినవి ఈ నల్ల సైకిళ్లే. ఏటా జూన్ 3ని ప్రపంచ సైకిల్ దినోత్సవంగా జరపాలని ఐక్యరాజ్యసమితి 2018లో తీర్మానించింది. 2020లో సరిగ్గా ఆ రోజునే సాహిబాబాద్‌లోని అట్లాస్ ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది. ఆ వార్త దుబాయ్‌లో గదిలో పడుకుని ఫోన్లో చదివాడితను. కొట్టంలో వేలాడుతున్నది గుర్తొచ్చింది. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

స్టీలు బరువే. కానీ దానికో గుణం ఉంది. వంగితే సరిచేయొచ్చు, పగిలితే ఊళ్లో వెల్డింగు చేసేవాళ్ల దగ్గర కూడా అతికించుకోవచ్చు. అల్యూమినియం అయితే అంత తేలిగ్గా అతకదు. స్టీలుకి శత్రువు తుప్పు ఒక్కటే. అదీ బయట కనిపించే తుప్పుకన్నా, గొట్టాల్లోపల పట్టేది ప్రమాదం. అందుకే చాచా సీటు కడ్డీ మొత్తం బయటికి లాగి, లోపలికి నూనె పోసి, ఫ్రేముని అటూ ఇటూ తిప్పాడు. పెడళ్లుండే ఇరుసు విప్పి, గోలీలు కిరసనాయిల్లో కడిగి, గ్రీజు పెట్టాడు. పాతకాలం వాళ్ల భాషలో చెప్పాలంటే ఓవరాయిలింగ్!

తర్వాత ఒక్కొక్కటే ఎంచడం మొదలైంది.

టైర్లూ ట్యూబులూ 28 అంగుళాలవి, కొత్తవి. బ్రేకు కట్టలు కూడా కొత్తవే. వానలో తడిసిన స్టీలు రిమ్ము మీద బ్రేకు జారుతుంది, అరిగిన కట్టలైతే ఇక చెప్పేదేముంది? మడ్గార్డులు ఉండాల్సిందే, లేకపోతే వానాకాలం బురదంతా వీపు మీదే. బెల్లు పాతదే, మూత విప్పి శుభ్రం చేస్తే ట్రింగుమంది. హారను వద్దు. స్పీడు మీటరు కూడా వద్దు. 'షుగరు మీటరు ఉన్నది గద, చాలు' అన్నాడు చాచా.

జెల్లు కవరు దగ్గర కాసేపు వాదన జరిగింది. మెత్తగా ఉంటే హాయని ఇతని లెక్క. కాసేపే హాయి అని చాచా లెక్క. మెత్తటిదాంట్లో ఒళ్లు దిగబడుతుంది, దూరం తొక్కితే తొడల దగ్గర ఒరిపిడి ఎక్కువవుతుంది. తోలు సీటు మొదట్లో గట్టిగా ఉన్నా, కొన్నాళ్లకి కూర్చునేవాడి ఒంటికి తగ్గట్టు తనే వంగుతుంది. ఇంగ్లండ్‌లో బ్రూక్స్ వారు 1882 నుంచీ తోలు సీట్లు చేస్తూ వచ్చారంటే ఆ గుణం వల్లే. బాపు సీటు పనికి రాదు, తోలు చిట్లిపోయింది. దాని స్ప్రింగులు మాత్రం ఉంచుకుని, పైన కొత్త తోలు వేయించారు. ఎత్తు ఎంత పెట్టాలో కూడా చాచాయే చూపించాడు. పెడలు పూర్తిగా కిందికొచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి. అంతకన్నా తగ్గితే మోకాళ్ల మీద భారం పడుతుంది. మోకాళ్ల నొప్పి మనిషికి ఇది జెల్లు కవరుకన్నా పెద్ద మందు.

నీళ్ల సీసా స్టాండు ఉండనిచ్చారు. పాత ఫ్రేముకి దాని కోసం బోల్టు రంధ్రాలుండవు, పట్టీతో బిగించాలి. పట్టీ కింద పాత ట్యూబు ముక్క పెట్టారు, రంగు గీసుకుపోకుండా. సీటు కింది సంచీ ఉండనిచ్చారు. అందులో ప్యాచీలు, సొల్యూషను, చిన్న పానా, నాలుగు చాక్లెట్లు. షుగరు మనిషికి చాక్లెట్లేంటంటారా? మందులు వేసుకుని తొక్కేటప్పుడు ఒక్కోసారి షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. డాక్టరే పెట్టుకోమన్నాడు.

ఇక మిగిలింది లైటు.

ఒక ఉత్తరం

చాచా లోపలికెళ్లి రేకుడబ్బా తెచ్చాడు. అందులో కాగితంలో చుట్టిన డైనమో ఉంది. చిన్న సీసాలా ఉంటుంది. టైరుకి ఆనించి తొక్కితే తలకాయ గిర్రున తిరిగి ముందు దీపం వెలుగుతుంది.

దాన్ని చేతిలోకి తీసుకుని ఇతను చాలాసేపు మాట్లాడలేదు.

1999లో బాపు ఓ ఉత్తరం రాయించాడు. ఆయనకి చదువు రాదు. పక్కింటి బడిపిల్లాడితో రాయించేవాడు. ఇంటి సంగతులు, బోరు సంగతి, చెల్లెలి పెళ్లి సంగతి. చివర్లో ఒక్క వాక్యం- పొలం కాడికెళ్లి వచ్చేసరికి చీకటైతున్నది, సైకిల్‌కి ఒక డైనమో ఉంటే మంచిగుండు.

ఎన్నడూ తన కోసం ఏమీ అడగని మనిషి అడిగింది అదొక్కటే. అది దుబాయ్‌లో కొనాల్సిన వస్తువు కూడా కాదు, కామారెడ్డిలోనే దొరుకుతుంది. 'వచ్చినప్పుడు చూద్దాం' అని జవాబు రాశాడితను. వచ్చినప్పుడు టేపురికార్డరు తెచ్చాడు, దుప్పట్లు తెచ్చాడు, సెంటుసీసాలు తెచ్చాడు. డైనమో మరిచిపోయాడు. బాపు మళ్లీ అడగలేదు.

2003లో ఓ సాయంత్రం పొలం నుంచి వస్తుంటే వెనక నుంచి ట్రాక్టరు గుద్దింది. ట్రాక్టరుకి హెడ్‌లైటు లేదు. సైకిల్‌కి ఏ లైటూ లేదు. తొడ ఎముక విరిగింది. ప్రాణం దక్కింది కానీ, ఆ తర్వాత ఎనిమిదేళ్లు కర్ర పట్టుకునే నడిచాడు. సైకిల్ దూలమెక్కింది.

ఇదంతా ఇతను చాచాకి చెప్పాడు. చాచా విన్నాడు. ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. కాసేపాగి, ఎర్రగా వెలిగే చిన్న బ్యాటరీ లైటు ఒకటి తీసి డైనమో పక్కన పెట్టాడు.

'డైనమో ముచ్చటకు పెట్టుకో బేటా. పాణానికైతే గిది పెట్టుకో.'

అందులో లెక్క ఉంది. డైనమో తొక్కినంతసేపే వెలుగుతుంది. ఆగితే ఆరిపోతుంది. మలుపు దగ్గర ఆగిన క్షణంలోనే సైకిల్ చీకట్లో కలిసిపోతుంది. పైగా ఇలాంటి డైనమోలు వెలిగించేది ఎక్కువగా ముందు దీపాన్నే. గుద్దేది వెనక నుంచి వచ్చేవాళ్లు కదా! మరి రిఫ్లెక్టరు? కొత్త సైకిళ్లకి నాణ్యమైన రిఫ్లెక్టర్లు ఉండాలంటూ కేంద్ర ప్రభుత్వం 2020లో ఉత్తర్వు తెచ్చింది. మంచిదే. అది వెలుగు ఎటు నుంచి వస్తే అటే తిప్పి పంపుతుంది. కానీ అవతలివాడికి వెలుగుంటేనే! ఆ రోజు వచ్చిన ట్రాక్టరుకి హెడ్‌లైటే లేదు. రిఫ్లెక్టరు ఉన్నా మెరిసేది కాదు. మన వెలుగు మనకుండాలి.

అందుకే రెండూ పెట్టించాడు. వెనక ఎర్ర లైటు, దాని కింద రిఫ్లెక్టరు. ముందు తెల్ల లైటు. రెండు పెడళ్లకీ పసుపు రిఫ్లెక్టర్లు. అవి పైకీ కిందికీ కదులుతుంటే, ముందు పోతున్నది సైకిలని డ్రైవరుకి దూరం నుంచే తెలుస్తుంది. దుబాయ్ సైటులో ఇన్నేళ్లు వేసుకున్న మెరుపుల జాకెట్టు ఎలాగూ ఇంట్లో ఉంది. అక్కడ అది లేకుండా గేటు లోపలికి అడుగు పెట్టనిచ్చేవారు కాదు. సొంత ఊళ్లో వేసుకోవడానికి మాత్రం మొదట సిగ్గేసింది. డైనమో కూడా బిగించారు. ముచ్చటకే.

సొట్ట

చివరిది రంగు. చైన్ కవరు మీద మట్టి తుడుస్తుంటే పసుపు అక్షరాలు బయటపడ్డాయి. బాపు పేరు, కింద ఊరి పేరు. ఎవరో పెయింటరు చేత్తో రాసినవి. కొత్త రంగు వేస్తే అవి పోతాయి. తుప్పు పట్టినచోట మాత్రం గీకించి, నల్ల రంగు అద్దించి, అక్షరాల మీద వార్నీషు పూయించాడు. 'మొత్తం కొత్త రంగు' అన్న మాటని చీటీలో కొట్టేశాడు.

వెనక మడ్గార్డుకి సొట్ట ఉంది. ట్రాక్టరు పెట్టిన సొట్ట. దాన్ని కూడా అలాగే ఉంచుదామనుకున్నాడు. చూసినప్పుడల్లా గుర్తుండాలని. ఇంటికి ఫోన్ చేసి తల్లితో అన్నాడు.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, 'పేరు ఉండనియ్యి బిడ్డా. సొట్ట తీయించు. దినాం నువ్వు దాని మీద పోతుంటే ఆ సొట్ట నాకెందుకు?' అంది.

చాచా మడ్గార్డు విప్పి, కింద కర్రదిమ్మె పెట్టి, చిన్న సుత్తితో మెల్లగా కొట్టాడు. పూర్తిగా పోలేదు. వేలితో తడిమితే తెలుస్తుంది. దూరం నుంచి కనిపించదు. తల్లికి కావాల్సింది అంతే.

మర్నాడు తెల్లారకముందే లేచాడు. జాకెట్టు వేసుకున్నాడు. లైట్లు వెలిగించాడు. గుమ్మం దాటబోతూ డైనమోని టైరుకి ఆనించాడు. పెడలు కాస్త బరువెక్కింది. ముందు రోడ్డు మీద పసుపు వెలుగు పడింది.

తల్లి అరుగు మీద కూర్చుని చూసింది. ఆమెకి చూపు ఆనదు. మనిషీ ఆనడు, సైకిలూ ఆనదు. ఎర్ర లైటు మాత్రం రోడ్డు మలుపు దాకా కనిపించింది.

ఏడింటికి అతను తిరిగొచ్చేసరికి ఆమె ఇంకా అక్కడే ఉంది.

'మంచిగ కనవడుతున్నవ్ బిడ్డా' అంది.