వదిన పిల్లి

మేము చదివింది తమిళ మీడియం. తిరుచ్చిలో రైల్వే పార్సెల్ ఆఫీసులో గుమాస్తాగా ఉండి రిటైరైనాము. తెలుగు రాత ఆ తరువాత నేర్చుకున్నదే. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

ఈసారి ఒక పిల్లి సంగతి. మా ఇంటామె అక్క, అంటే మాకు వదిన, పోయిన కార్తీకంలో కాలం చేసినారు. పిల్లలు లేరు. ఆసుపత్రిలో మా ఇంటామె చేయి పట్టుకొని, "దాన్ని వీధిలో వదలొద్దే" అన్నారు. సరే అని మాట ఇచ్చినాము. పదహారో రోజు అయినాక దాన్ని బుట్టలో పెట్టి మా ఇంటికి తెచ్చుకొన్నాము.

వదిన ఇంట్లో అది రాణి. "ఇందా" అంటే ఎక్కడున్నా పరుగెత్తి వచ్చేది. మా ఇల్లు అట్లా కాదు. రెండు గదులు, కొడుకు, కోడలు, 4 ఏళ్లది ఒకటి, 6 ఏళ్లది ఒకటి. పిల్లలు తోక పట్టుకొనేది, ఎత్తుకొని తిరిగేది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు కదా, మా ఇంట్లో ప్రాణసంకటం పిల్లిదే అయింది. పగలంతా బీరువా మీద, రాత్రి మంచం కింద. పరుపుల మీద తడిపేది. పొట్ట నాకి నాకి వెంట్రుకలన్నీ పోగొట్టుకొంది.

మొండితనం అనుకొన్నాము. పశువుల డాక్టరు మొదట మూత్రం పరీక్ష చేసి, "జబ్బు లేదు, ఇది భయం" అన్నారు. తిండి ఒక చోట, ఇసుక ట్రే దూరంగా సందడి లేని చోట పెట్టమన్నారు. ఎత్తులో దానికంటూ ఒక పలక కొట్టించమన్నారు. అదే వచ్చేదాకా ఎవరూ ఎత్తుకోకూడదన్నారు. రెండు నెలలు అన్నీ చేసినాము. పెద్దవాళ్లకు చెప్పవచ్చు, పిల్లలకు ఎంతని చెప్పేది?

ఒకరోజు చిన్నదాని చేయి గీరింది. సబ్బుతో ధారగా నీళ్లు పోసి కడిగి, ఆసుపత్రికి తీసుకుపోయి రేబీస్ సూదులు వేయించినాము. కోడలు ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే మాకు బరువైంది.

పక్కింటాయన గోనెసంచిలో కట్టి మార్కెట్టు దగ్గర వదిలేయమన్నాడు. ఇంట్లో పెరిగిన పిల్లి అక్కడ ఎట్లా బతుకుతుంది? మా ఇంటామె మాత్రం, "అక్కకు ఇచ్చిన మాట" అని ఇంకెవరికైనా ఇవ్వడానికి కూడా ఒప్పుకోలేదు. అప్పుడు మేము అన్నాము: "మీ అక్క వీధిలో వదలొద్దు అన్నది. మన ఇంట్లోనే ఏడిపించి పెట్టుకోమని అనలేదు." ఆమె ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే లేచి, "మంచి చోటు చూడండి" అంది.

నెల మీటింగులో సంఘంలోనే చెప్పినాము. శ్రీరంగంలో ఒంటరిగా ఉండే ఒక అవ్వ, "నాకివ్వండి నాయనా, ఇంట్లో మాట్లాడేదానికి ఎవరున్నారు" అన్నారు. దాని గుణం దాచలేదు. తడిపింది, గీరింది, అన్నీ చెప్పినాము. దాచి ఇస్తే నాలుగో రోజే తిరిగి వస్తుంది. మధ్యలో నలిగేది ఆ మూగజీవమే.

బుట్టతో పాటు టీకాల చీటీ, వాడిన ఇసుక కొంచెం, వదిన పాత చీర ఉతకకుండా ఇచ్చినాము. తెలిసిన వాసన ఉంటే కొత్త చోటు తొందరగా అలవాటవుతుందని డాక్టరు చెప్పినారు. మొదట ఒకే గదిలో ఉంచి, రెండు మూడు వారాలు బయటికి వదలవద్దని అవ్వకు చెప్పినాము. లేకుంటే పాత ఇంటిని వెతుక్కుంటూ తప్పిపోతుంది.

పార్సెల్ ఆఫీసులో సరుకు పంపించేవాళ్లం, అవతల చేరిందో లేదో మాకు పట్టేది కాదు. ఈ ఒక్కదానికి 20 రోజులు ఫోను వైపే చూస్తూ కూర్చున్నాము. మూడు రోజులు తిండి ముట్టలేదంట. నాలుగో రాత్రి చీర మీద పడుకొందంట. తరువాత ఒక సాయంత్రం అవ్వ ఫోను చేసి, "ఇందా అంటే వచ్చిందమ్మా" అన్నారు. మా ఇంటామె ఫోను పెట్టేసి చాలాసేపు పెరట్లో నిలబడింది. పొట్ట మీద వెంట్రుకలు కూడా మళ్లీ వస్తున్నాయంట.

చూడడానికి ఇంకా పోలేదు. అది బాగా కుదురుకోనీ. మన సంఘంలో ఎవరింట్లోనైనా ఇట్లాంటి జీవం ఉంటే, సిగ్గుపడి దాచుకోకండి, మీటింగులో చెప్పండి. బీరువా మీది పలక మాత్రం మా ఇంటామె ఇంకా తీయనివ్వలేదు.