మాటల వైద్యం - మన మాటల్లో

మెల్‌బోర్న్‌లో కొన్నేళ్ళుగా ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేస్తున్నాను. సైకాలజిస్టు ఇంగ్లీషులో అడిగింది తెలుగులో చెప్పడం, జవాబును ఇంగ్లీషులో అందించడం నా పని. ఆ గదిలో విన్నది బయట చెప్పకూడదన్నది మా వృత్తి నియమం. కాబట్టి ఎవరి కథా ఇక్కడ ఉండదు. ఆ వైద్యం గురించి, దానికి నేను వెతుక్కున్న తెలుగు మాటల గురించి నాలుగు ముక్కలు చెప్తాను.

పి.టి.ఎస్.డి. అన్న మాట మనలో చాలామంది వినే ఉంటారు. యుద్ధమో, ప్రమాదమో జరిగాక వెంటాడే పీడకలలు, ఉలికిపాటు, ఆ జ్ఞాపకం తెచ్చే చోటికి వెళ్ళలేకపోవడం. కాంప్లెక్స్ పి.టి.ఎస్.డి. అంతకన్నా లోతైనది. తప్పించుకోలేని చోట పదే పదే జరిగిన హింస వల్ల ఇది ఎక్కువగా వస్తుంది. చిన్నతనంలో పడ్డ దెబ్బలు, లైంగిక హింస, కాపురంలో నరకం ఇలాంటివే. పై లక్షణాలకు మరో మూడు తోడవుతాయి. కోపం, దుఃఖం అదుపులో ఉండవు. 'నేను దేనికీ పనికిరాను' అన్న సిగ్గు వదలదు. ఎవరినీ నమ్మి దగ్గర కాలేరు. అమెరికా వైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లోనే దీన్ని వివరించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐ.సి.డి.-11లో ఇది వేరే జబ్బుగా చేరింది. ఆ జాబితా 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది.

"పాతవన్నీ తవ్వుకుంటే ఏం లాభం?" అంటారు మనవాళ్ళు. సబబైన ప్రశ్నే. అయితే హెర్మన్ చెప్పిన మూడు దశల్లో మొదటిది తవ్వడం కాదు, భద్రత. ఇంట్లో ప్రమాదం ఇంకా ఉందా, నిద్ర పడుతోందా అని చూస్తారు. భయం ముంచుకొస్తే పాదాలు నేలకు ఆనించి, చుట్టూ కనబడే వస్తువుల పేర్లు చెప్పుకోమంటారు. దీన్ని గ్రౌండింగ్ అంటారు. 'ఇప్పుడు, ఇక్కడ ఉన్నానని ఒంటికి గుర్తుచేయడం' అని నేను చెప్తాను. రెండో దశలో జ్ఞాపకాల జోలికి వెళ్తారు. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీలో 'తప్పంతా నాదే' వంటి నమ్మకాలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తారు. ఇ.ఎం.డి.ఆర్.లో జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని, థెరపిస్టు వేలి కదలికను కళ్ళతో అనుసరిస్తారు. మూడోది మళ్ళీ నలుగురిలో పడడం. మొదటి దశ అందరికీ అంతకాలం అవసరమా అని నిపుణుల్లో వాదన ఉంది.

ఇక భాష. "ఎలా అనిపిస్తోంది?" అంటే మనవాళ్ళ జవాబు "బాగానే ఉన్నానండీ". "ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది?" అంటే మాత్రం మన భాషకు కరువు లేదు: గుండె దడ, కడుపులో దేవడం, కాళ్ళూ చేతులూ ఆడకపోవడం, మనసు మొద్దుబారడం. ఆఫీసులో ఇంగ్లీషు గడగడా మాట్లాడేవారికి కూడా బాధ తెలుగులోనే వస్తుంది. వారూ ఇంటర్‌ప్రెటర్‌ని అడగవచ్చు, నామోషీ ఏమీ లేదు.

భర్తచేతనో, పిల్లలచేతనో మాత్రం చెప్పించవద్దు. హింస ఆ ఇంట్లోనే జరిగి ఉంటే ఆవిడ నోరు పెగలదు. "ఇంటర్‌ప్రెటర్ తెలుగువాళ్ళేగా, ఊరంతా తెలిసిపోతుంది" అన్న భయం ఉంటే, ఫోన్లో మరో రాష్ట్రం వారిని కోరవచ్చు. ఆడవారే కావాలని కూడా అడగవచ్చు. టిస్ నేషనల్ నంబరు 131 450.

మెడికేర్ ఉన్నవారు ముందు ఫ్యామిలీ డాక్టర్ని కలిసి మెంటల్ హెల్త్ ట్రీట్‌మెంట్ ప్లాన్ రాయించుకోవాలి. ఏడాదికి 10 సెషన్ల వరకు ఫీజులో కొంత తిరిగి వస్తుంది. ఇలాంటి గాయాలకు 10 చాలకపోవచ్చు, ఆ తర్వాత సంగతి మొదటే అడిగి పెట్టుకోండి. బ్లూ నాట్ ఫౌండేషన్ (1300 657 380) ప్రత్యేకంగా ఈ సమస్య కోసమే ఉంది. తాత్కాలిక వీసాపై ఉండి మెడికేర్ లేకపోయినా, ఇంట్లో హింస ఉంటే 1800 రెస్పెక్ట్ (1800 737 732) రాత్రీ పగలూ పలుకుతుంది. ప్రాణాపాయమైతే 000.

ఈ నంబర్లు మీకు అక్కరలేకపోవచ్చు. మన సంఘం పండగల్లో నవ్వుతూ పలకరించే ఎవరికో అవసరం కావచ్చు. ఈ పేజీ చింపి దాచి ఉంచండి.