కొత్త కార్డు పెట్టేముందు పాత డ్రైవర్‌ని సాగనంపండి!

మిక్సీ మూలిగినా, కుక్కర్ కూత తేడాగా వచ్చినా జబ్బేమిటో మనం ఇట్టే చెప్పేస్తాం. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘అది పిల్లల వ్యవహారం’ అని తప్పుకుంటాం. మా ఇంట్లో అలా కుదరదండీ. చేవెళ్లలో మావారిది ఫొటో స్టూడియో. ఆయన తీసుకొచ్చిన పెళ్లి వీడియోలను ఇంట్లో కూర్చుని కత్తిరించి, పాటలు కలిపి తయారుచేసేది నేను. మొయినాబాద్ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లలో బాజాలు మోగాయంటే నాకిక తీరిక ఉండదు. అలాంటప్పుడు తెర నల్లబడితే మా ఇంటి బడ్జెట్ కూడా నల్లబడినట్టే!

ఆ వీడియోల బరువు మోసేది గ్రాఫిక్స్ కార్డు. ఆ కార్డుకూ, విండోస్‌కూ మధ్య మాటలు చేరవేసే ప్రోగ్రామే డ్రైవర్. ఎన్‌విడియా వారి జీఫోర్స్ డ్రైవర్ వేరు, ఏఎండీ వారి రేడియాన్ డ్రైవర్ వేరు. 2022 నుంచి ఇంటెల్ వారి ఆర్క్ కార్డులు కూడా వచ్చాయి. కంపెనీ మార్చినప్పుడు కార్డు బయటికొస్తుంది గానీ, దాని డ్రైవర్ లోపలే ఉండిపోతుంది. ఒక్కోసారి ఏమీ కాదు. ఒక్కోసారి తెర నల్లబడుతుంది, లేదా పని మధ్యలో ప్రోగ్రామ్ దానంతటదే మూసుకుపోతుంది. పాత ఆవకాయ అడుగున ఉన్న జాడీలో కొత్త ఆవకాయ కలిపితే ఏమవుతుందో మీకు చెప్పాలా?

మొయినాబాద్‌లో మా తోడికోడలి కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. జీఫోర్స్ తీసి రేడియాన్ కార్డు పెట్టాడు. సాయంత్రానికి ఫోన్. “చిన్నమ్మా, విండోస్ గుర్తు కనబడ్తది, ఆ తర్వాత తెరంతా నల్లగైతున్నది. ఖరాబ్ కార్డు ఇచ్చినట్టున్రు!” మర్నాడే కాలేజీలో ప్రాజెక్టు చూపించాలట. వాళ్లమ్మేమో కార్డు తిరిగి ఇచ్చెయ్యడానికి అప్పుడే సికింద్రాబాద్ ప్రయాణం కడుతోంది.

“ఆగు నాయనా! ముందు సేఫ్ మోడ్‌లో తెరిచి చూడు” అన్నాను. విండోస్ తెరుచుకుంటుండగా పవర్ బటన్ నొక్కిపట్టి ఆపెయ్యాలి. అలా రెండు మూడుసార్లు చేస్తే రిపేర్ తెర వస్తుంది. అందులోంచి సేఫ్ మోడ్‌లోకి వెళ్లవచ్చు. అక్కడ కంపెనీ డ్రైవర్లు నడవవు, విండోస్ సొంత సాదా డ్రైవరే నడుస్తుంది. బొమ్మ చక్కగా వచ్చింది. తప్పు కార్డుది కాదన్నమాట! పాత డ్రైవర్ని తుడిచేసి కొత్తది ఎక్కించాక ఆ రాత్రే ప్రాజెక్టు పూర్తి చేసుకున్నాడు.

మేమూ కిందటి మాఘమాసం ముహూర్తాలకు ముందు కార్డు కంపెనీ మార్చాం. నా నోటుబుక్కులో రాసుకున్న వరుస ఇదీ:

1. కొనేముందే పవర్ సప్లై వాట్లు చాలుతాయా, కార్డు క్యాబినెట్లో పడుతుందా చూసుకోవాలి. కొన్ని ఎడిటింగ్ హంగులు ఎన్‌విడియా వారి కుడా ఉంటేనే పనిచేస్తాయి. అదీ అడిగి తెలుసుకోవాలి.

2. పాత కార్డు ఉండగానే కొత్త కార్డు డ్రైవర్‌ని ఆ కంపెనీ సొంత సైటు నుంచి పెన్‌డ్రైవ్‌లోకి దించుకోవాలి. చేస్తున్న పనిని వేరే డిస్కులోకి ఎక్కించాలి. బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి.

3. ఇంటర్నెట్ ఆపెయ్యాలి. లేకపోతే విండోస్ తనకు తోచిన డ్రైవర్‌ని తెచ్చుకుంటుంది. సేఫ్ మోడ్‌లో డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పాత కంపెనీ డ్రైవర్‌ని తీసేసి, కంప్యూటర్ ఆపాలి.

4. ప్లగ్గు పీకాలి. క్యాబినెట్ ఇనుపరేకును ఒకసారి ముట్టుకుని, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోయాక కార్డు మార్చాలి. మానిటర్ వైరు కొత్త కార్డుకే తగిలించాలి సుమా!

5. పెన్‌డ్రైవ్‌లోని డ్రైవర్ ఎక్కించి, రీస్టార్ట్ చేశాకే ఇంటర్నెట్ పెట్టాలి. డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు పసుపు గుర్తు లేకుండా కనబడితే పని అయినట్టే.

6. ప్రీమియర్ ప్రో వాడేవారు ఎన్‌విడియా నుంచి ఏఎండీకి మారితే, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో రెండరర్‌ని కుడా బదులు ఓపెన్ సీఎల్‌కు మార్చుకోవాలి.

వీటిలో మనకు చేతకానిది ఏముంది చెప్పండి? స్క్రూలు విప్పడానికి భయమైతే మెకానిక్‌నే పిలవండి. కానీ “బాబూ, పాత డ్రైవర్ తీసేశావా?” అని ముందే అడగండి. ఆ ఒక్క మాటతో మంచి కార్డును చెడ్డదని తిరిగిచ్చే తిప్పలు తప్పుతాయి. పెళ్లివారికి చెప్పిన రోజుకే వీడియో చేతికిస్తే మన మాటా నిలబడుతుంది. ఏమంటారు?