మన చేలలోని పాటలు

అచ్చైన పద్యమునకు పుస్తకము కాపుగా నుండును. చేలలో పాడెడి పాటకు పాడువారి గొంతు తప్ప వేఱు కాపు లేదు. దర్శి చుట్టుపట్ల పల్లెలలో పాటలు వ్రాసికొనుటకై సెలవుదినములందు తిరిగిన రెండేండ్లలో నాకీ సంగతి బాగుగా బోధపడినది. చదువరులకు, ముఖ్యముగా మన విద్యార్థులకు, ఆ తిరుగుటలో నేను గ్రహించిన కొన్ని విషయములను విన్నవించుచున్నాను.

ఇట్టి పని యితర దేశములందును జరిగినది. ఇంగ్లండులో సెసిల్ షార్పు అను సంగీతజ్ఞుడు 1903వ సంవత్సరమున సోమర్సెట్టు సీమలో నొక తోటమాలి పాడుకొనుచున్న పాటను విని వ్రాసికొనెను. 1924లో నతడు చనిపోవునాటికి వ్రాసిన పాటలు దాదాపు ఐదువేలు. వాన్ విలియమ్సు అను మఱియొక విద్వాంసుడు 1905 జనవరిలో కింగ్సు లిన్ అను రేవునకు పోయి జాలరుల యొద్ద పాటలు నేర్చెను. మన భాషలో బాయిలు దొర 1874లోనే తెలుగు వీరగాథలను గూర్చి వ్యాసము ప్రకటించెను. తరువాత నేదునూరి గంగాధరముగారు ఊరూర తిరిగి పాటలు కూర్చిరి. బిరుదురాజు రామరాజుగారు జానపద గేయములను విశ్వవిద్యాలయ పరిశోధనకు దగిన విషయముగా నిలిపిరి. పదమూడవ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు తుమ్మెద పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు మున్నగువానిని పేర్కొనెను. ఆ పేర్లు మనకు దక్కినవి. ఆనాడు పాడిన పాటలు దక్కలేదు. వ్రాసికొనువారు లేకున్న జరుగునది యిదియే.

మనది మెట్టసీమ. జొన్న, సజ్జ, వరిగ దంచునప్పుడు దంపుళ్ల పాట, తిరుగలి ముందు విసురుపాట, బావి యొద్ద మోటపాట, చేనిలో కలుపుపాట — ప్రతి పనికిని దాని పాట యుండెడిది. పిండిమరలు వచ్చిన పిమ్మట రోలును తిరుగలియు మూలబడినవి. కరెంటు మోటారులు వచ్చి, 1967లో నాగార్జునసాగరపు నీరు కాలువలకు వదలబడిన పిమ్మట కపిల బావులును పాడుపడినవి. పనితోడనే పాటయు పోయినది. మిరప కోత, పత్తి తీత మాత్రము నేటికిని చేతిపనులే గనుక ఆ చేలలో నింకను కొంత పాట మిగిలియున్నది.

ఒక పల్లెలో ఎనుబదియేండ్లకు పైబడిన అవ్వ పాటలకు పేరు పొందినదని విని ఆమె యింటికి పోయితిని. మంచముపై కూర్చుండి రెండు చరణములు పాడి యామె యాగిపోయెను. ఎంత తలంచుకొన్నను మూడవది రాలేదు. “పని లేకుండా పాటెట్టా వచ్చిద్ది అయ్యోరా? చేతులాడితే నోరాడిద్ది,” అని నవ్వెను. మఱునాడు తన మనుమరాండ్రతో మిరప చేనికి వచ్చి సాలులో నిలిచి కాయలు కోయుచు అదే పాట నెత్తుకొనెను. పదునాలుగు చరణములు వరుసగా వచ్చినవి! వెనుక సాలులోని స్త్రీలు పల్లవి నందుకొనిరి గాని, నాలుగవ చరణము దాటిన తరువాత చరణములు వారిలో నొక్కరికిని తెలియవు. మిగిలిన పది చరణములును ఆ యొక్క గొంతులోనే యుండెను.

ఆమెకు శోకపు పాటయు వచ్చునని పొరుగువారు చెప్పిరి. అడిగితిని. ఆమె ముఖము మాఱినది. “అది సచ్చినింట్లో పాడేది. ఊరికే పాడగూడదు, కీడు,” అనెను. నేను మఱల నడుగలేదు. ఆ మఱుసటి యేడామె కాలము చేసెను. ఆ పాట నా పుస్తకములో లేదు. కొంద ఱది నష్టమే యందురు. నిజమే. కాని పాట ఆమెది. ఇచ్చుటయు మానుటయు ఆమె యిష్టము. అడిగి పుచ్చుకొన్నదే సేకరణము గాని, బలవంతపెట్టి తీసికొన్నది కాదని నా నమ్మకము.

ఒంగోలునకు తూర్పున కొత్తపట్నము తీరమునకును పోయితిని. అక్కడ అలివి వలను ఒడ్డునకు లాగునప్పుడు ఒకడు పాట నందించును. త్రాటిని పట్టినవారందఱు బదులు పలుకుదురు. ఒక్కొక్క బదులునకు ఒక్కొక్క లాగు. ఆ పాటలో కొన్ని మాటలకు అర్థము లేదని నవ్వుట తగదు. పదిమంది బలము నొక్క క్షణమున గూర్చుటయే వాని యర్థము.

విద్యార్థులకొక మనవి. పాటను వ్యాకరణము ననుసరించి దిద్దకుడు. షార్పు వంటివాడును అచ్చువేయునప్పుడు మోటుగా దోచిన మాటలను మార్చెను. ఆతని చేతివ్రాత పుస్తకములు నిలిచియుండుటచేతనే అసలు మాటలు నేటివారికి దెలిసినవి. ఈ వ్యాసము గ్రంథభాషలో నున్నను, నా పాటల పుస్తకములో “వచ్చిద్ది” అన్నది “వచ్చిద్ది” గానే యున్నది. వేసవి సెలవులలో మీ యమ్మమ్మ యొద్దనో, నాయనమ్మ యొద్దనో ఒక్క పాట వ్రాసికొనుడు. సెల్‌ఫోనున్న గొంతును గూడ నిలుపుకొనుడు. ఏ యూరు, ఏ పని, ఎవరి వలన నేర్చిరి అను మూడు సంగతులను తప్పక చేర్చుడు. వ్రాసిన పిమ్మట పాడినవారికే చదివి వినిపింపుడు. తప్పులున్న వారే దిద్దుదురు.